చుట్టకుదురు

కాగితాల్లో నీ పేరు అతియా ఫ్రాఫ్రా.
ఫ్రాఫ్రా మన జాతి పేరు తాతా, ఇంటిపేరు కాదు.
పట్టాళంలో చేరిన రోజు బల్ల వెనక దొర
మీ నాన్న పేరేమిటని అడగనే లేదట.
వరసలో నీ వెనకవాడూ ఫ్రాఫ్రానే,
వాడి వెనకవాడూ.

నిన్న బోల్గతంగ నుంచి మాజీ సైనికుల సంఘం మనిషి
మోటారు సైకిలు మీద వచ్చాడు.
చెమటకు తడిసిన కాగితం మడత విప్పి
"తుపాకి చేతబట్టి
శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు" అని చదివాడు.
ముసలివాళ్లు బాగుందని తలలూపారు.
నేను నీ మెడకేసి చూస్తూ నిలబడ్డాను.

నువ్వు ఒక్క గుండూ పేల్చలేదు.
నీకిచ్చింది ఒక కొడవలి, ఒక దుప్పటి,
నెత్తిన ఒక పెట్టె.

బర్మాలో, కలదాన్ ఏటి పక్కన,
కంచరగాడిద మొరాయించే వాలుల్లో
మనవాళ్లు ఎక్కారు.
బియ్యం మూటలు, ఫిరంగి గుండ్లు, వైర్‌లెస్ బ్యాటరీలు.
బ్యాటరీ యాసిడ్ కారి నీ చెవి వెనక పడ్డ మచ్చను
చిన్నప్పుడు వేలితో తడిమి ఇదేంటని అడిగితే
"వేరేవాళ్లు మాట్లాడుకున్నది
నామీద కారింది" అన్నావు.
అక్కడి వాన గురించీ చెప్పేవాడివి:
మన వాన చుట్టంలా వచ్చి పోతుంది,
అది కాపురమే పెడుతుందని.

అజూరే సంగతి మాత్రం ఒక్కసారే,
వేరుశెనక్కాయలు వలుస్తూ,
నావైపు చూడకుండా.
స్ట్రెచర్ కింద నాలుగు తలలు.
ముందు ఎడమవైపుది నీది.
పైన అతను మన భాషలో
మేకల్ని అదిలిస్తున్నాడు, ఇంటి దగ్గరున్నట్టే.
రెండో గుట్ట దిగుతుండగా ఆపేశాడు.

ప్రాణం పోతే బరువు పెరుగుతుందంటారే, అన్నాను.
"పెరగలేదు. కదలడం మానేసింది, అంతే"
అని, వలిచిన గింజలన్నీ నా గిన్నెలో పోశావు.
నువ్వు ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

తిరిగొచ్చాక దేన్నీ తలకెత్తుకోలేదు నువ్వు.
సజ్జమోపైనా భుజానే, కట్టెలైతే గాడిద మీద.
పట్టాళం పోయి దొరైపోయాడని
ఊరంతా నవ్విందట.
నవ్వనిది లాడి నాయనమ్మ ఒక్కతే.
రాత్రిపూట షియా వెన్న వెచ్చబెట్టి
నీ మెడనరాల మీద రుద్దేది,
ఎవరూ దించని దాన్ని
తనే కాస్త కాస్తగా దించుతున్నట్టు.

నీ రేకుపెట్టె తెరిచాం.
పతకం లేదు. నువ్వు అమ్ముకున్నావో,
అసలెవరూ పంపలేదో.
పింఛను పుస్తకంలో మూడు ముద్రలు,
తర్వాతవన్నీ తెల్ల పేజీలు.
అడుగున ఒక చుట్టకుదురు:
పారాచూట్ గుడ్డ మెలితిప్పి, గడ్డితాడుతో బిగించి.
డెబ్బై ఏళ్లైనా పూడని నడిమి గుంట,
నీ మాడు అచ్చు.

గోతి గుండ్రటి నోటిమీద కుండ బోర్లించబోతుంటే
"దానికింద ఇది పెట్టండి" అన్నాను.
తవ్వేవాళ్లలో పెద్దవాడు అడ్డంగా తలూపాడు:
"దూరదేశపు గుడ్డమ్మా.
మళ్లీ నడిపిస్తుంది అతన్ని."
నాకేం అనాలో తోచలేదు.
కుండ వట్టి మట్టి మీదే కూర్చుంది.

ఇవాళ పొద్దున్న బోరింగ్ దగ్గర
పిల్లలు బకెట్లతో తోసుకుంటుంటే
నీ చుట్టకుదురు నెత్తిన పెట్టుకున్నాను.
నా తల నీ తలకన్నా చిన్నది,
చుట్టూ రెండు వేళ్ల సందు.
నిండు బేసిన్ ఎత్తగానే
అది కొంచెం జారి, ఎడమకు ఒరిగి,
కుదురుకుంది.

ఒక్క చుక్కా ఒలకలేదని చెప్పను.
ఇల్లు చేరేసరికి
భుజం తడిసింది.