పట్టు

టార్టులో ఊర్వె చెప్పులు బాగుచేసే కొట్టు.
కిటికీ అద్దం మీద మంచు.
బల్లమీద రిమోట్ కారు, నాలుగు చక్రాలూ ఊడదీసి.

"ఏది వేగంగా పోతుంది?" తానెల్ తొందర.
ఆవిడ పలకదు.
నల్లరొట్టె కాలిందో లేదో చూసినట్టు
ఒక్కో రబ్బరూ బొటనవేలితో నొక్కుతుంది.

"ఎక్కడ తోల్తావ్?"
"బడి జిమ్‌లో, కార్పెట్ మీద."
"మరి ఈ ముళ్ల టైర్లెందుకు? ఇవి మట్టికి."

మెత్తటి జత తీసింది.
లోపల స్పాంజి కుక్కి, అంచు చుట్టూ
దారమంత జిగురు.
ఉఫ్.

నలభై ఏళ్లు
చెప్పు కరవకూడదని పడ్డ పాట్లు!
ఇవాళ కరిచేదే కావాలట.

"మలుపులో పల్టీ కొడితే?"
"కొట్టనీ.
మరీ గట్టిగా కరిచిందని
అప్పుడు తెలుస్తుంది.
రా, గీకి ఇస్తా."