గుంట గట్టు శ్రుతి

ఇంట్లో ఊదితే ఎదురింటి బాలింత కిటికీ మూస్తాది,
మేడ మీద ఊదితే వీధి కుక్కలన్నీ అందుకుంటాయి.
అందుకని నా సాధన రొయ్యల గుంటల కాడ.
ఇస్కపల్లిలో మూడున్నర జాముకి
మేలుకొని ఉండేది ఏరియేటర్లు,
కాపలా మస్తానయ్య, నేను.

తాత వదిలిపోయిన సన్నాయి.
మూడో రంధ్రం కాడ చీలిక, లక్క పెట్టి పూడ్చిన మచ్చ.
వేలు పెడితే ముందు ఆ మచ్చే తగుల్తాది.

ఏరియేటర్ల హోరులో ఒక షడ్జమం ఉంది.
రెండు కట్టెకి రవ్వంత కింద.
నాలుగు నెలలుగా దాని పక్కనే కూర్చొని
నేనూ ఆ రవ్వంత కిందికి జారినట్టుండా.
సోమవారం పెంచలయ్య మాస్టారు
శ్రుతి పెట్టె ఆపి, నా వైపు తిరక్కుండానే అడిగాడు:
"ఎవురి శ్రుతిలో ఊదతా ఉండావమ్మే?"

శనివారం డిప్లొమా పరీక్ష.
మూఢం పోయింది కూడా సరిగ్గా ఈ వారమే.
నెలన్నర ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారే గేటు తోసుకొని వచ్చాయి.
రెండో సన్నాయి ఊదే బావకి పచ్చకామెర్లు.
మాలకొండయ్య మామ డోలు భుజానేసుకొని
గుమ్మంలో నిలబడ్డాడు, ఏమీ అడగలేదు.
అడిగుంటే కాదనేదాన్నేమో.

బుధవారం రాత్రి విడవలూరు.
గురువారం తెల్లవారి నాలుగుంపావుకి అల్లూరు.
తలంబ్రాల బియ్యం జడలో అట్టాగే ఉండగా
పది గంటల థియరీకి నెల్లూరు బస్సు.
కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేటప్పుడు
కిటికీకి తల ఆనించి మేళకర్తలు లెక్కపెట్టుకుంటా
ముప్పై ఆరు కాడ నిద్రపోయా,
ప్రతి మధ్యమం ఇంకా మొదలు కాకముందే.
కండక్టర్ లేపితే
"చలనాట" అన్నానంట.
బస్టాండమ్మా, అన్నాడాయన.

ఆరో ప్రశ్న: శ్వాసను నిలుపు విధానమును వివరింపుము.
అయిదు మార్కులు.
బుగ్గలు, పొట్ట, ముక్కు,
నోట్సులో ఉన్నదంతా దించేశా.

శుక్రవారం ఇంకో పెళ్లి.
పెళ్లికొడుకు తమ్ముడెవరో అయిదు వందల నోటు చుట్ట చుట్టి
సన్నాయి గొట్టంలో దోపి, సినిమా పాట అన్నాడు.
తీసి దాచుకొని ఊదా.
దాంతో రెండు పీకలు వస్తాయి.
గట్టిమేళం అని పంతులు వేలు ఊపినప్పుడు
కింది పెదవి చిట్లింది.
డోలు కొడతానే మామ చూశాడు,
చివరి ముక్తాయింపు పొట్టి చేసి ముగించాడు.

ఆ రాత్రి గట్టు మీద
పై షడ్జమం పట్టుకొని ఉండా, కరెంటు పోయింది.
హోరంతా ఒక్కసారే తెగింది.
నా స్వరం కింద ఏమీ లేదు.
జనరేటర్ తాడు లాగతా మస్తానయ్య అరిచాడు,
"తేలతా ఉండాయే!"
టార్చి వేస్తే నీళ్ల మీద
వేల ఎర్ర చుక్కలు. అన్నీ కళ్లే.
గాలి కోసం పైకొచ్చి, పైన ఏం చెయ్యాలో తెలీక
అడ్డంగా తిరగతా ఉండాయి.

సన్నాయి గడ్డి మీద పడేసి
మోకాలి లోతు దిగా.
ఆయన వెదురుతో, నేను మేత తట్టతో
నీళ్లని కొట్టాం, కొట్టాం.
ఎంతసేపని అడిగితే చెప్పలేను,
భుజాలు మాత్రం ఇప్పుడూ చెప్తా ఉండాయి.
యజమాని ఫోను మోగతానే ఉంది, మాగుంట లేఅవుట్‌లో నిద్రపోతా ఉంటాడు.
ఆరో సారో ఏడో సారో జనరేటర్ దగ్గి, అందుకుంది.
రెండున్నర కట్టె.
నేను నవ్వినాను. ఎందుకో మస్తానయ్యకి చెప్పలేదు.

శనివారం పొద్దున పరీక్ష గదిలో
గోళ్ల సందుల్లో ఇంకా గుంట బురద,
పెదవి మీద కొబ్బరినూనె.
కల్యాణి అన్నారు.
మొదలుపెట్టా, రవ్వంత కిందే.
విన్నా. అక్కడే ఆగి, జరిపా పైకి,
బురదలోంచి కాలు తీసినట్టు, మెల్లగా.
పరీక్ష పెట్టే ఆమె కళ్లద్దాలు తీసి
చీర చెంగుతో తుడుచుకుంది.
అవి మాసి ఉండొచ్చు.

ఫలితాలు జూన్‌లో అంట.
రాత్రి ఏడున్నరకి జువ్వలదిన్నెలో రిసెప్షన్,
మామ అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు.
పీక నానబెట్టాలి.