నిప్పు ముట్టని రోజు

రాత్రి తొమ్మిదైతే గానీ చీకటి పడని డిసెంబరు.
మెల్‌బోర్న్‌లో, కాల్‌ఫీల్డ్ వీధిలో, శుక్రవారం,
కంచె అవతల గిటెల్ గారి గొంతు:
"వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంది.
ఈ రాత్రి నాకు నిద్ర రాదు కాబోలు."
ఆర్పమని అడగదు. అడగకూడదు.
వారానికో రోజు ఆమె నిప్పు ముట్టదు,
స్విచ్చూ నిప్పే.

ఆ భాష నాకు కొత్త కాదు.
మడి కట్టుకున్న మా అమ్మమ్మ
"ఆ తలుపు కాస్త మూసుకుంటే బాగుండును" అని
గోడతో చెప్పేది.
గోడకు చెవులుండేవి, అవి నావి.

వాళ్ళింట్లో రెండు సింకులు,
పాలకో వరస పళ్ళాలు, మాంసానికో వరస.
మా ఇంట్లో మాంసమే లేదు, అయినా
అన్నం అంటిన చేత్తో ఆవకాయ జాడీ ముట్టుకున్నందుకు
నేను తిన్న తిట్లకు లెక్కలేదని చెబితే
నవ్వింది, పళ్ళసెట్టు జారేదాకా.

దేవుడి దగ్గర మాత్రం మాకు కుదరలేదు.
మా గూట్లో పదకొండు పటాలు, ఒక సాలగ్రామం,
అంచులు లేచిపోతున్న స్టిక్కరు ఆంజనేయుడు.
ఆమె గోడ ఖాళీ.
నేను వెయ్యి పేర్లు గుక్కతిప్పుకోకుండా చదువుతాను,
ఆమె ఉన్న ఒక్క పేరునీ పలకదు.
'ఆ పేరు' అంటుంది, అంతే.
"అంతమందిని ఎలా గుర్తుపెట్టుకుంటావు?"
"ఒక్కడితోనే అంత పోట్లాట ఎలా పడతారు?"
టీ చల్లారింది. ఎవరం ఒప్పుకోలేదు.

పంచాంగం దగ్గర మళ్ళీ కలిశాం.
అమ్మ తద్దినం తేదీకి కాదు, తిథికి అంటే
"మాకూ చంద్రుడే" అంది.
వెనకబడ్డ చంద్రుణ్ణి అందుకోవడానికి
వాళ్ళకూ ఒక అధికమాసం ఉందట.
కొడుకులే చెప్పాలనే మంత్రమూ ఉందట.
అన్నదమ్ములు లేని ఆడవాళ్ళం ఇద్దరం,
చెరో మంత్రం చెరో వంటింట్లో
కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చెప్పేసుకున్నవాళ్ళం.

అప్పుడే నోరు జారాను.
అమ్మను బూడిద చేసి గోదారిలో కలిపాం అన్నాను.
నిప్పే మాకు పెళ్ళిలో సాక్షి,
చివరికి చెయ్యి పట్టుకునేదీ అదే అని
ఇంకా ఏదో చెప్పబోయి
ఆమె వేళ్ళు చూశాను.
బల్లమీది గుడ్డ మడత సర్దుతున్నాయి,
సర్దిందే సర్దుతున్నాయి.
"మేం మట్టికి ఇస్తాం" అంది.
"మా అమ్మను ఇవ్వలేదు.
వాళ్ళు తీసుకున్నారు.
పొగ."
ఏ రోజో తెలియదు. ఏ నెలో తెలియదు.

నా నోట్లో నెయ్యి వాసన వేసే మాట
ఆ గదిలో ఎక్కడ పెట్టాలో తోచలేదు.
పోలికలు వెతకడం అక్కడితో ఆపేశాను.

చాలాసేపటికి,
తిథి తెలియనివాళ్ళకు
భాద్రపదంలో మాకో అమావాస్య ఉందన్నాను.
"మాకూ ఉంది. టెవేత్ నెల పదో రోజు.
పోలెండ్‌లో చిన్న పగలు, చిన్న ఉపవాసం.
ఇక్కడ పొద్దు తెమలదు."

ఈ ఏడు ఆ ముందురోజు నలభై రెండు డిగ్రీలు.
బయట ఎక్కడా నిప్పు రాజేయొద్దని
రేడియో పొద్దుటినుంచీ చెబుతోంది.
చీకటి పడ్డాక కంచె దగ్గరికి వచ్చింది.
"అగ్గిపెట్టె ఉందా?"
గోడతో కాదు,
నన్నే అడిగింది.

గాజుగ్లాసులో మైనం. ఒక రాత్రీ ఒక పగలూ కాలుతుందట.
మూడో పుల్లకు అంటుకుంది.
అలవాటుకొద్దీ వత్తి ఎగదోయబోయాను.
వద్దంది.
చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.