పద్నాలుగో ప్రశ్న

ఫెయిర్‌బ్యాంక్స్‌లో జనవరి.
పొద్దు పదకొండింటికి వచ్చి
మూడు కాకముందే లేచి వెళ్లిపోతుంది
అప్పు అడగడానికొచ్చి మొహమాటపడ్డ చుట్టంలా.
బ్యారక్స్ ముందు కార్లన్నీ
కరెంటు తీగలు నోట కరుచుకుని నిలబడ్డాయి,
లోపలి నూనె గడ్డకట్టకుండా.

నా పని చిన్నది.
నలభై ఫారాలు, ఇరవై రెండు ప్రశ్నలు,
ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.
పటాలం పాస్టరు నడిపే ఆత్మబలం తరగతులు
పనిచేస్తున్నాయో లేదో తేల్చి చెప్పాలి.
నా బతుక్కో అర్థం ఉంది: ఎంత?
నన్ను నేను క్షమించుకోగలను: ఎంత?
వంకాయలు తూచినంత తేలిగ్గా అడుగుతుంది కాగితం.

పాస్టరు పేరు ఆర్విడ్ స్టోర్లీ.
మిన్నెసోటా పాడిరైతుల బిడ్డ.
కెప్టెన్ హోదా ఉంది, తుపాకీ లేదు.
గురువారం క్లాసుకి పదకొండు మంది వచ్చారు.
"నలుగురు పిజ్జా కోసం,
ఇద్దరు సార్జెంట్ తరిమితే" అన్నాడాయనే,
దాచాల్సిన సంగతేం కాదన్నట్టు.
సమోవా దీవుల కుర్రాడు ఫలెఓలో
వెనక బెంచీ నుంచి చెయ్యెత్తి
"నా ఆత్మకి ఉన్ని మేజోళ్లు కావాలి సార్" అన్నాడు.
అందరికన్నా గట్టిగా నవ్వింది పాస్టరే.
మర్నాడు మేజోళ్లు కూడా ఇచ్చాడట.

"దేవుడి గురించి చెప్తారా?"
"అడిగితే.
ఎక్కువమంది బ్యాటరీ గురించే అడుగుతారు."
ఆయన ట్రక్కులో జంపర్ కేబుళ్లు,
ఇసుక బస్తా, రెండు దుప్పట్లు,
ఒక బైబిలు, ఒక ఖురాను, కాఫీ ఫ్లాస్కు.
తాళాల గుత్తిలో
మిగతావాటితో పొసగని
చిటికెనవేలి గోరంత ఇత్తడి తాళంచెవి.
"ఇది దేనిది?"
"ఒకరు దాచిపెట్టమన్నారు."
"దేని తాళం?"
ఆయన అద్దం మీది మంచు గీకుతూ ఉండిపోయాడు.
తుపాకీ పెట్టె తాళాలు నేనూ చూశాను.
మళ్లీ అడగలేదు.

ఫారంలో తాళంచెవులకి గడి లేదు.

పద్ధతి ప్రకారం, అన్నాను,
పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు ఉండాలి.
క్లాసు లేనివాళ్లు, పాస్టరు లేనివాళ్లు,
అర్ధరాత్రి ఎవరూ ఫోనెత్తనివాళ్లు.
"ఆ గుంపుని ఏర్పాటు చెయ్యక్కర్లేదు డాక్టర్" అన్నాడు.
"అది ఎప్పుడూ ఉంటుంది."

రాత్రి గెస్ట్‌హౌస్‌లో ఫారాలు ముందేసుకున్నాను.
ముప్పై ఒకటో కాగితం, పద్నాలుగో ప్రశ్న:
కష్టమొస్తే తలుపు తట్టడానికి నాకొకరున్నారు.
ముందు ఒకటి దిద్ది, చెరిపి,
మూడు రాసి, చెరిపి,
చివరికి నాలుగు దగ్గర పెన్సిల్ ఆపారు.
చెరిపినచోట కాగితం పలచనై
దీపానికి ఎత్తితే వెలుగు ఇవతలికొచ్చింది.
అది ఎవరి చెయ్యో తెలీదు, తెలీకూడదు.
ఫలెఓలోదా? పాస్టరుదేనా?
ఆయనా నింపాడు మరి, రూలు రూలే.
కంప్యూటరు ఒక్క అంకే తీసుకుంటుంది.
నాలుగు కొట్టాను.

సగటు మూడు పాయింట్ నాలుగు.
నిరుడు మూడు పాయింట్ మూడు.
"పెరిగిందన్నమాట" అన్నాడు ఫోన్లో కల్నల్.
అవునన్నాను.
కాదనడానికి నా దగ్గర లెక్క లేదు,
అవుననడానికీ లేదు.
పదకొండున్నరకి రిపోర్టు పంపేశాను.

పొద్దున ఎయిర్‌పోర్టుకి బయల్దేరబోతే
అద్దెకారు ఒక్కసారి దగ్గి ఊరుకుంది.
రాత్రి తీగ తగిలించడం మర్చిపోయాను.
ఇన్ని చదువులు చదివి.

స్టోర్లీ వచ్చాడు, చీకట్లో,
గడ్డం మీద ఊపిరి తెల్లగా పేరుకుని.
ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు.
"ఇప్పుడు తిప్పండి."
ఇంజన్ అందుకుంది.

ఆయన ట్రక్కులో వేలాడుతున్న గుత్తి
ఆ కుదుపుకి ఊగుతోంది.
చిన్న ఇత్తడి తాళంచెవులు
ఇవాళ రెండున్నాయి.

అది మంచిదో చెడ్డదో
ఎన్ని పాయింట్లో
అడుగుదామని కారు అద్దం దించాను.
చలి లోపలికొచ్చింది.
"జాగ్రత్తగా వెళ్లండి" అన్నాడు.