మూడు రోజుల రీడింగు

బోర్డు కాలిన వాసన
మే నెల ఆఖరి నుంచి
మా గదిలనే కిరాయి లేకుండ ఉంటున్నది.
రెండు వందల బడి బ్యాడ్జీల ఆర్డరు.
నూట పదకొండోది కుడుతుంటె
"విద్యాల" దాక వచ్చి సూది ఆగింది.
మిగిలిన "యం" బొగ్గయిపోయింది లోపల్నే.

చిట్టీ ఎత్తిన పైసలు కొత్త బోర్డు తిన్నది.
ఇంకో బోర్డుకు ఇంకో చిట్టీ లేదు.
బోరబండ నుంచి కోఠికి రెండు బస్సులు మారి
ట్రూప్ బజార్ల నిలబడి
"అన్నిట్ల పెద్ద స్టెబిలైజర్ ఇయ్యి సాబ్" అన్న.

కాజిముద్దీన్ సాబ్ కండ్లద్దాలు తుడుచుడు ఆపలే.
"చెప్పుల దుకాణంల గూడ పెద్దవే అడుగుతవా అమ్మా?
మీ గల్లీల కరెంటు ఎంత కిందికి దిగుతది,
ఎంత మీదికి ఎగురుతది, ఏ యాళ్లకు?"

నాకేం ఎరుక.
పదమూడేండ్ల సంది బిల్లు కడుతున్న గని
ఒక్కనాడు నాడి పట్టి చూడలే.

గల్లా కింది నుంచి పాత మీటరు తీసి చేతుల పెట్టిండు.
"మూడు దినాలు రాసుకొని రా.
బేరం యాడికి పోతది."

జాకెట్ల కొలతల బుక్కుల, వెనక పేజీల రాసిన:

పొద్దుగాల నాలుగున్నర, రెండు వందల అరవై రెండు.
గల్లీ అంత పండుకున్నది, కరెంటుకు అడ్డం లేదు.
ఆరు పది, రెండు వందల ఆరు.
నల్లా వచ్చింది, ఇంటికో మోటరు.
పది, రెండు వందల ఇరవై.
మొగోళ్లు అడ్డాకు, ఆడోళ్లు పనిండ్లకు.
పదకొండు ఐదు, నూట తొంభై,
కాదు రెండు వందల పదిహేను,
కాదు కాదు నూట ఎనభై ఎనిమిది.
అంజిలయ్య గేటుకు పువ్వులు అతుకుతున్నడు.
మూడు గంటలది రాయలే, కునుకు పట్టింది.
సాయంత్రం ఏడు, నూట అరవై ఎనిమిది.
కూలర్లు, టీవీలు, ఇస్త్రీ పెట్టెలు,
మూలకున్న మిర్చి బండికి ఎవరో ఇచ్చిన వైరు.
రెండోనాడు ఏడుకు నూట డెబ్బై ఒకటి.
మూడోనాడు నూట అరవై నాలుగు.

ఎవరింట్ల ఏ స్విచ్చు పడ్డదో
ముల్లు చూసి చెప్పేటంతయిన.

సాబ్ కిరాణ ఖాతా చదివినట్టు వేలు పెట్టి చదివిండు.
"రిలేది వద్దు. టక్కున దూకుతది, నీ సూది బెదురుతది.
సర్వోది తీస్కో, జరుపుకుంట పోతది.
మూడు కేవీఏ చాలు. ఐదంటె నాకు లాభం, నీకు బరువు.
చుట్టింది రాగి తీగనేనా అని అడుగు.
నన్ను సుత అడుగు."
అడిగిన.
మూత విప్పి, బ్లేడుతోని గీకి చూపిచ్చిండు. ఎర్రగనే ఉన్నది.
"ఎర్తింగ్ ఉన్నదా?"
నేను నేల దిక్కు చూసిన.
"ముందుగాల గుంత తియ్యి. ఉప్పు, బొగ్గు వెయ్యి.
ఎండకాలం దినానికో బిందె నీళ్లు."

నోట్లు లెక్కపెట్టుకుంట ఒక్క మాట అడిగిన.
"నూట అరవై నాలుగే వస్తె
రెండు వందల ముప్పై యాడికెల్లి తెస్తది సాబ్?"
అప్పుడు నవ్విండు.
"పుట్టియ్యదు బేటా. వైరు నుంచి ఎక్కువ గుంజుతది.
నీ కాడ నిలబడ్డదంటె
గల్లీ చివర్ల ఇంకింత దిగుతది."

గల్లీ చివర్ల సత్తెమ్మ.
ఒక బల్బు, ఒక ఫ్యాను.

ఇప్పుడు పెట్టె గోడకు ఆనుకొని గుర్రుమంటున్నది.
బ్యాడ్జీలు బడికి పోయినయి.
నూట పదకొండోది నూనె తుడిచే బట్టయింది.
పొద్దున్నే గుంతల నీళ్లు పోస్తుంటె
పనిపిల్ల రేష్మా అడుగుతది,
"ఏం మొలుస్తదక్కా?"

ఏడింటికి మిషను బందు పెడుతున్న.
ధర్మం గిర్మం ఏం లేదు,
దారాలు తెంపే పని ఎట్లనో ఉంటది.
ఎనిమిదిన్నరకు మళ్ల ఏస్త.

మొన్న ఒక్కనాడు, ఆర్డరు తొందరుండి, బందు పెట్టలే.
ఏడుంబావుకు గడప మీద నిలబడి చూసిన.
సత్తెమ్మ ఫ్యాను రెక్కలు
ఒకటి,
రెండు,
మూడు,
లెక్కపెట్టొచ్చు.