మూడో నంబరు

మొదట్లో నేను ప్రతిదీ చెయ్యి పట్టుకుని చేయించేవాణ్ణి.
ఆ వరుస వెతుకు. పాత రంగు చెరుపు.
కొత్త రంగు పుయ్యి. పక్కనున్న అంకెలో ఒకటి తగ్గించు.
ఇంతకీ గంట మోగించావా లేదా, అదీ గుర్తుంచుకో.

ఫిషింగ్ హార్బర్ వేలం షెడ్డు గోడ మీద తెర:
ఏ బోటు లోపలికొచ్చింది, ఏది రాలేదు.
ఒక మంగళవారం ఒకే బోటు
రెండుసార్లు ఒడ్డుకొచ్చింది నా తెర మీద.
ఐసు కొట్టే కుర్రాళ్ళు పార ఆపి మరీ నవ్వారు.

టగ్గు నడిపి రిటైరైన మరడాన తవిటయ్య
పోర్టు సిగ్నల్ స్తంభం వైపు గెడ్డం ఎత్తాడు.
"మూడో నంబరు ఎగరేసినోడు
బోటు బోటుకీ ఎల్లి సెప్తాడేటి,
నువ్వు తాడు కట్టు, నువ్వు వల తియ్యి అని?
గాలి ఇలాగున్నాదని పైకి సూపిస్తాడంతే.
ఎవుడి పని ఆడికి తెల్దా?"

ఆ రాత్రి రుషికొండ ఆఫీసులో
వెతుకు, చెరుపు, పుయ్యి
అన్నీ కొట్టేశాను.
ఉంటే ఇలా, లేకుంటే ఇలా అని మాత్రం రాశాను.
లోపలుంటే పచ్చ. బయటుంటే ఎరుపు.
కబురే లేకుంటే బూడిద.
ఉన్నమాట మారితే చాలు,
చిరిగిన చోటే వల కుట్టుకున్నట్టు
తెర తనంతట తాను సర్దుకుంటుంది.

చాన్నాళ్ళకి నిద్ర పట్టింది.

తుఫాను కళింగపట్నం దగ్గర దాటిన మర్నాడు,
ఇంకా చీకటి.
నలభై వరుసలు పచ్చగా. ఒక్కటి బూడిదగా.
ఖాళీ తట్ట చంకనెట్టుకుని నూకరత్నం
తెర కింద నిలబడి ఉంది.
"బాబూ, దీన్ని సేసింది నువ్వేనంట గదా.
మా గడి పచ్చ సేసీ.
ఒక్కపాలి. సూసుకుంటాను."

పాత పద్ధతిలో అయితే రెండు లైన్లు.
వరుస వెతుకు, రంగు పుయ్యి.
ఇప్పుడు రంగుకి కట్టిన తాడేదీ
నా చేతిలో లేదు.
రంగు ఉన్నదాన్ని బట్టి వస్తుంది.
ఉన్నదేమిటో సముద్రానికి తెలుసు.

ఇదంతా ఆమెకి ఎలా చెప్పాలో
తడుముకుంటుంటే తనే అంది:
"అయితే దానంతట అదే మారాలన్నమాట."
తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.
పక్కనే నేనూ, ఉప్పు మరకల సిమెంటు మీద.
రెండు టీలు చల్లారిపోయాయి.

వైర్‌లెస్ గది తలుపు తెరుచుకున్న చప్పుడు.
ఎవరో పరిగెత్తుతున్న చెప్పులు.

నేను తెర వైపు చూడలేదు.
ఆమె ముఖం మీద పడే వెలుతురు
ఏ రంగవుతుందో, అది చూస్తున్నాను.