ఇప్పుడా, తర్వాతా

జ్వియాద్ వచ్చి చూసి
"లమారా అత్తా, దీనికి కాలం చెల్లింది" అన్నాడు.
సమాధిరాళ్ళు చెక్కే కొట్లో నిలబడి
చేతిలో సగం తిన్న రొట్టెతో
ఆ మాట అనేశాడు.

చెల్లే ఉంటుంది. కాదనను.
ఇరవై రెండేళ్ళ కంప్యూటరు.
ఏటా రెండుసార్లు దాని ఫ్యాను లోంచి
సైకిలు పంపుతో బసాల్టు దుమ్ము ఊదుతాను.
స్విచ్చి నొక్కి, టీ పెట్టుకుని, తాగి,
గ్లాసు కడిగి బోర్లించాక
అప్పుడు లేస్తుంది ఆవలిస్తూ.
కుతాయిసీలో చలి ముదిరిన రోజు
కిరసనాయిలు స్టవ్వు వేడి
మొదట దానికి, తర్వాత నాకు.

కొత్త సిస్టమ్ పెన్‌డ్రైవులో తెచ్చాడు, గోరంత.
"గంట పని. ఆ వేగం చూశాక నువ్వే అంటావు
ఇన్నాళ్ళూ ఎందుకాగానా అని."
వేగం ఎవరికి నాయనా,
నా దగ్గరికొచ్చే వాళ్ళలో
తొందరున్న వాళ్ళెవరూ లేరు.

అయినా మనసు పీకింది.
ముందు నీ లాప్‌టాప్‌లో ఒక ఫైలు తెరువు, చూద్దాం అన్నాను.
షల్వా పేరు తెరిచాడు.
షల్వా లేడు.
టోపీలు పెట్టుకున్న పరాయి అక్షరాలు,
ఒక ప్రశ్నార్థకం, ఒక డాలరు గుర్తు,
రెండు ఖాళీ డబ్బాలు.
"ఫాంటు పాతదత్తా. ఇప్పటి పద్ధతి వేరు."

ఆ ఫాంటు, ఈ కంప్యూటరు కొన్న ఏడాది
ఎల్గూజా గళ్ళ కాగితం మీద గీశాడు.
కరెంటు పూటకో గంట ఉండే చలికాలం.
కొవ్వొత్తి మైనం పడ్డ చోట
'న' అక్షరానికి కడుపు కాస్త ఉబ్బింది.
అలాగే ఉంచేశాం.
కూలి: రెండు డబ్బాల ద్రాక్షసారా, ఒక మేక.
మా అక్షరాల్లో పెద్దా చిన్నా లేవు,
గుండ్రంగా, ఒకదాని భుజానికొకటి ఆనుకుని నడుస్తాయి.
ఆయన గీసిన రెండంకె మాత్రం
మెడ చాచి వెనక్కి చూస్తుంది.

కొత్త రాళ్ళ సంగతి సరే,
ఏ ఫాంటులో చెక్కినా చచ్చినవాడు పోల్చుకోడు.
నా బెంగ సగం రాళ్ళ గురించి.
భర్త పేరు, రెండు తేదీలు.
పక్కన భార్య పేరు, పుట్టిన ఏడు, ఒక గీత,
ఆ తర్వాత అరచేయంత నున్నటి రాయి.
ఆ ఖాళీలో రేపు పడే రెండంకె
పక్కనున్న రెండంకెకి తోబుట్టువు కాకపోతే?
నోటుపుస్తకం తీసి లెక్కబెట్టాను.
ముప్ఫై ఏడుమంది.
వాళ్ళలో ఒకావిడ నాకు కోడిగుడ్లు అమ్ముతుంది.
ఒకరు నేను.

జ్వియాద్ నవ్వలేదు.
"మరి డిస్కు పోతే? ముప్ఫై ఏడూ పోతాయిగా?"
అదీ నిజమే.
ఈమధ్య సాయంత్రమయ్యేసరికి
ఆ డిస్కు పళ్ళు కొరుకుతోంది.
ముందు నుయ్యి, వెనక గొయ్యి.
గోతులు నాకు కొత్తేం కాదు గాని,
ఇలాంటిది ఇదే మొదటిది.

అప్పుడే తలుపు తోసుకుని మక్వాలా,
షల్వా పెళ్ళాం, ఎనభై నాలుగేళ్ళు,
శాలువా మీది మంచు నా కాగితాల మీద దులుపుతూ.
తన రాయి మీద పుట్టిన ఏడు
ఓ మూడేళ్ళు ముందుకు జరపాలట.
చర్చిలో ఎవరో నిలబడి లెక్కలేసుకున్నారట.
"చెక్కేసిన రాయిని ఎలా మార్చనే?"
"పెట్టెలో మార్చు. రాయి సంగతి తర్వాత చూసుకుందువు."

జ్వియాద్ ఈలోగా
ఉన్న ఫైళ్ళన్నీ ఒక కొత్త డిస్కులోకి తోడుతున్నాడు,
బావిలోంచి చెంచాతో నీళ్ళు తోడినట్టు.
పన్నెండు శాతం.
మళ్ళీ పన్నెండు.

వాడి పెన్‌డ్రైవు అడిగిన ప్రశ్న
తెర మీద అలాగే ఉంది, రెండు బొత్తాలతో.
మక్వాలా కళ్ళజోడు పైకెత్తి చూసింది.
"ఏమడుగుతోంది?"
"ఇప్పుడా, తర్వాతా అని."
"తర్వాత" అంది, కుర్చీ లాక్కుంటూ.
"ముందు టీ పెట్టు."